గాయం పాచిక

ఆ ఏడు జనవరి మొదలు మా ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. దాని అడుగున రెండు గీతలు. ఒక గీత మీద నా మొగుడు వెర్న్ కోడిగీతల సంతకం. రెండో గీత ఖాళీ. అది నాది.

మా అమ్మాయి బ్రిట్టాకి పదిహేడేళ్ళు. నేషనల్ గార్డ్‌లో, పిలుపొస్తే యుద్ధానికెళ్ళే మా అమెరికా సైన్య విభాగంలో, వైద్య సిపాయిగా చేరతానంది. అంటే గాయపడ్డ సిపాయిల దగ్గరికి సంచీ భుజాన వేసుకుని పరిగెత్తే పని. పద్దెనిమిది దాటితే ఎవర్నీ అడగక్కర్లేదు గాని, అది ఆగస్టు మాట. మా దగ్గరి దళంలో ఆ పనికి ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. దాన్ని ఆగస్టు దాకా మా పిల్ల కోసం ఎవరూ మూటగట్టి దాచరు. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెడితే ఇప్పుడే తీసుకుంటారు, లేకపోతే లేదు. ఇదీ సంగతి.

పాలు తీసుకోబోయినా ఆ కాగితం మొహమే చూడాలి, వెన్న తీసుకోబోయినా అంతే. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేదాన్ని.

"నేను ఇరవై రెండేళ్ళు చేశాను గార్డ్‌లో. లారీలు బాగుచేశాను, ఇంటికొచ్చాను. నాకేమైంది?" అన్నాడు వెర్న్ ఒకరోజు.

"నీకేం కాలేదులే. నువ్వు యుద్ధానికెళ్ళి ఆ ఎడారిలో ఉన్న పదమూడు నెలలూ నాకేమైందో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. గరాజులోకి పోయి, మంచు తోసే యంత్రాన్ని ఊరికే విప్పుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో ఏ గొడవైనా చివరికి ఆ యంత్రం మీదకే పోతుంది.

నేను వారంలో అయిదు రోజులు స్కూలు బస్సు నడుపుతాను. శనివారం మధ్యాహ్నాలు సైన్యాలు నడుపుతాను. ఇరవై ఏళ్ళుగా మా బేస్‌మెంట్‌లో ఒక ఆట సాగుతోంది. బల్ల చుట్టూ కూర్చుని కాగితాలూ పెన్సిళ్ళూ పాచికలూ పెట్టుకుని ఆడే ఆట. "కొండ మలుపులో శత్రువులున్నారు" అని నేను చెబుతాను. తమ మనిషి ఏం చేస్తాడో వాళ్ళు చెబుతారు. తేలని చోట పాచిక తేలుస్తుంది. నా ముందు అట్టతో చేసిన చిన్న తెర ఉంటుంది. నేనేసే పాచికలు దాని వెనకాలే పడతాయి, నేను తప్ప ఎవరూ చూడరు.

ఎవరూ చూడకపోయినా, పడిందే చెబుతానని నాకు పేరు. మా పదో పెళ్ళిరోజు నాడు వెర్న్ నా ముచ్చట తీర్చడానికని ఆటకి కూర్చుని, ముచ్చటపడి ఒక మరుగుజ్జు వీరుణ్ణి తయారుచేసుకున్నాడు. అరగంటలో వాడు లోయలో పడి చచ్చాడు. పాచిక అలా పడింది మరి. ఆ మహానుభావుడు మళ్ళీ బల్ల దగ్గరికి రాలేదు. "లోర్నా మొగుణ్ణయినా చంపుతుంది గాని పాచికని మార్చదు" అని ఊళ్ళో ఈ ఆటాడే వాళ్ళంతా ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ మాట వింటే నాకు లోపల ఎంత గర్వమో!

ఆ చలికాలం కొత్త కథ మొదలుపెట్టాలి. మంత్రాలూ రాక్షసులూ ఉన్న లోకమే, కాని ఈసారి దొరలూ మాంత్రికులూ వద్దు, జీతానికి పనిచేసే మామూలు సిపాయిలం అవుదామని బ్రిట్టా పట్టుబట్టింది. ఎందుకో నాకు తెలియదా? మిగిలినవాళ్ళు సరేనన్నారు. మిగిలినవాళ్ళంటే ఇద్దరే. ఒకడు పావ్ వాంగ్, మందుల షాపు అతను, ముప్పయ్యేళ్ళవాడు. నన్ను అక్కా అంటాడు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ చేసిన ఎగ్‌రోల్స్ పళ్ళెం నిండా తెస్తాడు. రెండోవాడు డెల్మర్ ప్రూట్, డెబ్భై ఆరేళ్ళ పెద్దాయన, కాగితం మిల్లులో ముప్పై అయిదేళ్ళు పనిచేశాడు. కుర్రతనంలో రెండేళ్ళు సైన్యంలో ఉన్నాడు. జర్మనీలో దుప్పట్లు లెక్కపెట్టాడట. యుద్ధం గురించి ఆయనకి తెలియంది లేదు, దుప్పట్ల గురించి అసలే లేదు.

ఇక చిక్కల్లా ఏ రూల్సుతో ఆడాలన్నదే. మావాళ్ళకి రూల్సు ఎంచుకోవడమంటే ఇల్లు కొనడం కన్నా పెద్ద పని. ఒకే పోరాటం, మూడు శనివారాలు, మూడు రకాల రూల్సు, తర్వాత ఓటు. అది మా పద్ధతి. పోరాటం కూడా నేనే రాశాను. పారిపోతున్న జనం బళ్ళు ఏరు దాటుతుంటాయి, ఆఖరి బండి అవతలికి చేరేదాకా మన దళం రేవుని పట్టుకుని ఉండాలి.

మొదటి శనివారం పావ్ తెచ్చిన పుస్తకం. ఇటుకంత మందం, పేజీపేజీకీ రంగుల బొమ్మలు. ఆ రూల్సులో బ్రిట్టా ఆడిన సార్జెంటు పదకొండు బాణాలు తగిలినా పడలేదు, పైగా శత్రువు మీద జోకులేసింది. పావ్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. బ్రిట్టా బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరిశాయి. నిజం సైన్యంలోనూ ఇలాగే ఉంటుందనుకుంటోందా ఈ పిల్ల?

"ఇది యుద్ధమా, తిరనాళ్ళా? పదకొండు బాణాలు దిగితే ముళ్ళపంది కూడా చస్తుంది" అన్నాడు డెల్మర్.

"అందుకే దీన్ని కల్పన అంటారు తాతా" అంది బ్రిట్టా.

రెండో శనివారం ఒక పల్చటి పుస్తకం, నేనే తెప్పించాను. అందులో గాయానికి పాచికే లేదు. ఎవరు పడిపోవాలో, ఎవరు మిగలాలో అందరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. గంటన్నర మాట్లాడుకున్నాం. ఒక్క సిపాయి పోలేదు, ఒక్క బండీ ఏరు దాటలేదు.

"చచ్చేదెవరో ఓటేసుకుంటామా? దీన్ని యుద్ధమనరమ్మా, పంచాయితీ అంటారు" అని డెల్మర్ కోటు తొడుక్కున్నాడు.

మూడో శనివారం ఆయన సొంత రూల్సు. టైపు కొట్టిన నలభై పేజీలు, చేపలుపట్టే దారంతో కుట్టినవి. అందులో బూట్లు అరుగుతాయి. గాడిదలు కుంటుతాయి. నీళ్ళు కాచుకోకపోతే దళం సగానికి విరేచనాలు పట్టుకుంటాయి. ఇక గాయాలకి ఒక పెద్ద పట్టిక. ఒంటి మీద ఏ చోట తగిలింది, పాచిక ఎంత పడింది, ఎన్నో వంతులో, అంటే బల్ల చుట్టూ ఆట ఎన్నిసార్లు తిరిగాక, ఏమవుతుంది, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. అన్ని పాచికలూ బల్ల మీద అందరి ముందూ వెయ్యాలి, ఒక్క గాయం పాచిక తప్ప. అది మాత్రం నేను తెర వెనక వెయ్యాలి.

"ఎందుకలా?" అన్నాడు పావ్.

"దెబ్బ తగిలినవాడికి తనకెంత తగిలిందో తెలుస్తుందా? పక్కవాడికి తెలుస్తుందా? వైద్యుడు దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూస్తేగాని తెలియదు" అన్నాడు డెల్మర్. "ముందు ఎవరి దగ్గరికెళ్ళాలో వైద్యుడే తేల్చుకోవాలి. అదీ దీని రహస్యం."

అప్పుడే నేను నిశ్చయించేసుకున్నాను. నా పిల్లకి చూపించాల్సింది ఇదే. నేను ఎంత చెప్పినా ఎక్కనిది ఈ పట్టిక ఎక్కిస్తుంది. ఓటు వేళ పాచిక తీసుకెళ్ళి డెల్మర్ పేజీల మీద పెట్టాను.

"నువ్వా?" అంది బ్రిట్టా. "లెక్కలెక్కువుంటే నీకు విసుగు కదమ్మా."

"మనిషన్నాక మారకూడదా?"

అది నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత తన పాచిక కూడా నా పాచిక పక్కనే పెట్టింది. "నిజంగా ఎలా ఉంటుందో అలాగే ఉండాలి నాక్కూడా" అని, సార్జెంటు కాగితాన్ని రబ్బరుతో తుడిచేసి, పైన 'వైద్యురాలు నెస్సా' అని రాసుకుంది.

ఫిబ్రవరి అంతా ఆడాం. నిజం చెప్పొద్దూ, ఇరవై ఏళ్ళలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. బ్రిట్టా స్కూల్లో నర్సు సహాయకుల తరగతి చదువుతోంది. వారానికి మూడు రోజులు మా ఊరి వృద్ధాశ్రమానికెళ్ళి ముసలివాళ్ళకి తిండి పెట్టడం, పక్కమీద తిప్పి పడుకోబెట్టడం నేర్చుకుంటోంది. అక్కడ నేర్చుకున్నవన్నీ ఇక్కడికి మోసుకొచ్చేది. దళంలో జ్వరం వస్తే ముందు నీళ్ళ పీపాలు కడిగించింది. బొబ్బలు పొడిచి కట్టు కట్టింది. సిపాయిలందరికీ తనే పేర్లు పెట్టింది. ఎవరికి పెళ్ళయింది, ఎవరికి పళ్ళనొప్పి, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. భయపెడదామని నేను తెచ్చిన రూల్సు దానికి చేపకి నీళ్ళయి కూర్చున్నాయి.

ఫిబ్రవరి మూడో వారం గార్డ్ సార్జెంటు ఫోను చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు, అదే నాకు ఒళ్ళు మండించింది. మార్చి సగానికి మీ మాట చెప్పండమ్మా, ఇంకా ఇద్దరు అడుగుతున్నారు అన్నాడు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. సున్నాకి ఇరవై కింద చలి. బస్సులో నలభై ఒక్కమంది పిల్లలు. ఒక మలుపులో వెనక చక్రాలు జారితే ఒక్కక్షణం నా ప్రాణం నా దగ్గర లేదు. పరాయి పిల్లలకే ఇలా ఉంటే, ఆ సార్జెంటు నాకున్న ఒక్క పిల్లనీ ఎంత తేలిగ్గా అడుగుతున్నాడు!

ఆ శనివారం ఆటలో, ఏటి నీళ్ళతో తిరిగే పిండిమర దగ్గర దాడి పెట్టాను. బాణాలు వచ్చాయి, ఇద్దరు పడ్డారు. ఓర్విన్ అనే జెండా మోసేవాడికి భుజంలో దిగింది. టేమ్ అనే గాడిదలు తోలేవాడికి తొడలో దిగింది. ఒకడు గుమ్మం దగ్గర, ఒకడు చక్రం దగ్గర. బ్రిట్టా ఒక్కరి దగ్గరికే వెళ్ళగలదు.

"అరుస్తున్నదెవరు?" అంది బ్రిట్టా.

"ఓర్విన్. అమ్మా అమ్మా అని అరుస్తున్నాడు."

"టేమ్?"

"మాట్లాడట్లేదు."

"మొహం రంగు?"

"పాలిపోయింది."

"రక్తం కారుతోందా, చిమ్ముతోందా?"

"చిమ్ముతోంది."

"టేమ్ దగ్గరికెళ్తా." క్షణం కూడా తడుముకోలేదు. "అరిచేవాడికి ఇంకా ఊపిరుంది. బెల్టు తీసి తొడ పైన బిగిస్తా. కర్ర పెట్టి మెలేస్తా. ఓర్విన్, నీ చేత్తోనే భుజం గట్టిగా నొక్కిపట్టుకో, వస్తున్నా అని కేకేస్తా."

పావ్ ఎగ్‌రోల్ నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. నేను తెర వెనక రెండు పాచికలు వేశాను. పది ముఖాల పాచికలు. టేమ్‌కి నాలుగు పడింది. తొడ గాయానికి నాలుగంటే, సకాలంలో కట్టు పడితే బతుకుతాడు. ఓర్విన్‌కి రెండు. కండ చీరింది, అంతే. అంటే నా పిల్ల ఒక్క తప్పు చెయ్యలేదు. ఇద్దరూ దక్కారు.

తల ఎత్తి చూశాను. అది ముందుకి వంగి నా నోటివైపే చూస్తోంది. ఇప్పుడు గనక ఇది గెలిస్తే ఇక దీన్ని ఎవరూ ఆపలేరు అనిపించింది.

"టేమ్ నీ చేతుల్లోనే పోయాడు" అన్నాను. "నువ్వు కట్టు బిగించేసరికే ఆలస్యమైంది. తల తిప్పి చూస్తే ఓర్విన్ కూడా అరవడం మానేశాడు."

పావ్ చేతిలోని ఎగ్‌రోల్‌ని పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇద్దరూనా?" అంది బ్రిట్టా.

"ఇద్దరూ."

"వరస తప్పానా? ముందు ఓర్విన్ దగ్గరికి వెళ్ళాల్సిందా?"

"నేనెలా చెప్పను? పాచిక అలా పడింది."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నా నోట! బ్రిట్టా నోటుపుస్తకం తీసి ఆ రెండు పేర్ల మీదా గీత కొట్టింది. ఓర్విన్ దగ్గర ఏదో రాసి ఉంటే దాన్ని ఒకసారి చదువుకుని పుస్తకం మూసేసింది. మా ఆట ఆవేళ తొందరగా ముగిసింది.

డెల్మర్‌ని ఆయన బండి దాకా దిగబెట్టడం నాకు అలవాటు, వాకిట్లో మంచు గడ్డకట్టి జారుతుందని. ఆయన తలుపు తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు.

"లోర్నా, ఆ పట్టిక రాయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది."

"తెలుసు."

"భుజం గాయానికి ఆరో వంతు దాకా చావు లేదు అందులో. పాచిక పదే పడనీ. ఆ పిల్లాడికి రెండో వంతే."

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు.

"నేనేం చెప్పన్లే" అన్నాడు. "కాని నువ్వు చెప్పాలి. ఆలస్యం చెయ్యకు."

"దానికి పద్దెనిమిది నిండాక చెబుతా."

"నేను దుప్పట్లు లెక్కపెట్టినవాణ్ణే, నువ్వన్నట్టు. యుద్ధం చూడలేదు. కాని మనవాళ్ళే మన చేత తప్పుడు లెక్క నమ్మించడం మాత్రం అక్కడా చూళ్ళేదు" అని బండెక్కి వెళ్ళిపోయాడు. పోవయ్యా, నీకేమన్నా పిల్లలున్నారా అని తిట్టుకున్నాను.

లోపలికొచ్చేసరికి ఫ్రిజ్ తలుపు బోసిగా ఉంది. కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది బ్రిట్టా. "నాకిక వద్దమ్మా, సార్జెంటుకీ చెప్పేశాను" అంది, నా వైపు చూడకుండానే. నేను దాన్ని కావలించుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో! ఆ వారం రెండుసార్లు ఆపిల్ ముక్కల తీపిరొట్టె చేశాను. వెర్న్ తింటూ, "ఏంటి విశేషం?" అన్నాడు. ఏం లేదన్నాను.

హాయి నాలుగు రోజులు కూడా నిలవలేదు. బ్రిట్టా మాట్లాడ్డం తగ్గించింది. ఆటకి వచ్చేది, కాని వెనక బళ్ళ దగ్గరే ఉండిపోయేది. ఎవరైనా పడిపోతే, "పావ్, నువ్వెళ్ళు" అనేది. చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చునేది. నేను మాత్రం మళ్ళీ బల్లలు తుడవడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ మీద ఏమీ లేకపోయినా తలుపు తీసినప్పుడల్లా ఆ చోటే చూసేదాన్ని. ఈసారి ఆ గుబులు దేనికో నాకు తెలుసు, తెలిసీ రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అని జరుపుకుంటూ వచ్చాను.

మార్చి రెండో వారంలో వెర్న్ బీపీ మాత్రల కోసం పావ్ షాపుకి వెళ్ళాను. సంచీ చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకు తెలుసో లేదో. బ్రిట్టా ఆ తరగతి మానేసింది."

"ఏ తరగతి?"

"వృద్ధాశ్రమానికి మందులిచ్చేది నేనే కదా. అక్కడ నర్సమ్మ చెప్పింది. ఒక ముసలావిడ కుర్చీలోంచి పడి నుదురు పగిలిందట. చిన్న దెబ్బే. మన పిల్ల పక్కనే ఉండి కూడా కదల్లేదట, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకి ఆనుకుపోయిందట. మర్నాడొచ్చి, నా చేతులు మంచివి కావు, ఇంకెవరినైనా పెట్టుకోండి అని చెప్పి వెళ్ళిపోయిందట."

సైన్యం నుంచి తప్పిద్దామనుకున్నాను గాని, దాని చేతులు విరిచెయ్యాలనుకున్నానా? మాత్రల సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాను. పావ్ వెనకాల పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం బస్సులో ఆఖరి పిల్లవాణ్ణి దింపాక బ్రిట్టా ఒక్కతే మిగిలింది. రోజూ అంతే, మా ఇల్లే ఆఖరు. రోడ్డు పక్కన మొక్కజొన్న కోసేసిన చేలో మంచు మోకాలెత్తున ఉంది. బస్సు పక్కకి తీసి ఆపాను.

"ఏమైంది? టైరా?" అంది.

"టేమ్‌కి నాలుగు పడింది" అన్నాను అద్దంలో దాన్ని చూస్తూ. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. "ఓర్విన్‌కి రెండు."

చాలాసేపు దానికి అర్థం కాలేదు. తర్వాత పెదవులు కదిలాయి. పట్టిక దానికి కంఠతా వచ్చు.

"అయితే ఇద్దరూ..."

"ఇద్దరూ బతికారు. నువ్వు చేసిందంతా సరిగ్గానే ఉంది. నేనే అబద్ధం చెప్పాను. నువ్వు భయపడాలని, సంతకం అడగడం మానెయ్యాలని. తప్పయిపోయింది తల్లీ."

నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడొకటి చేసింది. సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను రోజూ వాళ్ళ గురించే ఆలోచించానమ్మా. పిచ్చిదాన్ని కదూ? కాగితం మీది మనుషులు. కాని నేను నేర్చుకున్నదంతా వాడాను, ఒక్కటి మర్చిపోలేదు, అయినా పోయారు. అంటే నేను నేర్చుకున్నదే తప్పు అనుకున్నా. ఆ ముసలావిడ కింద పడితే..." ఆగిపోయింది. తర్వాత గొంతు పెంచింది. "నువ్వు నాన్నని చంపావు, మార్చలేదు! పావ్‌ని మూడుసార్లు చంపావు, మార్చలేదు! ఇరవై ఏళ్ళలో ఒకే ఒక్కసారి మార్చావు, అదీ నా మీద!"

"తలుపు తియ్యి" అంది. తీశాను. దిగి ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. ఇంకా మైలు పైనే ఉంది. పసుపు దీపాలు వేసుకుని, మనిషి నడిచినంత నెమ్మదిగా దాని వెనకే బస్సు నడిపాను. వెనకొచ్చిన పాల ట్యాంకరువాడు హారన్ కొట్టి కొట్టి, నన్ను దాటిపోతూ బూతులు తిట్టాడు. అది మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

బస్సు షెడ్డులో పెట్టి ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల మీద ఆ కాగితం ఉంది, మడతలు సాపు చేసి. పక్కన పెన్ను. బ్రిట్టా కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను కోటు కూడా విప్పలేదు. కూర్చుని సంతకం పెట్టాను. నాది కూడా కోడిగీతలే అయ్యాయి. అది కాగితం తీసుకుని సార్జెంటుకి ఫోను చేసింది.

అవతలి మాటలు నాకు వినపడలేదు. ఇవతలివే విన్నాను.

"సంతకం అయిందండీ, ఇద్దరిదీ." కాసేపు వింది. "వేరేవాళ్ళకి ఇచ్చేశారా? ఎప్పుడు?" మళ్ళీ వింది. "పోయిన గురువారమా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను నేను. డెల్మర్ చెప్పిన రోజే చెప్పి ఉంటే, ఆ వారంలో ఏ రోజు చెప్పినా, ఆ ఖాళీ ఉండేది. సంతకం పెట్టక పోగొట్టి ఉంటే అది తల్లి పట్టుదల అనేవాళ్ళు. అబద్ధం చెప్పి పోగొట్టాను. అయినా, చెడ్డ మనసు ఊరుకుంటుందా, పోతే పోయింది, ఇక ఇంట్లోనే ఉంటుందిలే అని లోపలెక్కడో ఒక ఆశ లేచి కూర్చుంది.

"పరవాలేదండీ. ఇంకేమున్నాయి?" అంది బ్రిట్టా.

చాలాసేపు విన్నది. ఆ తర్వాత ఫోను మీద చెయ్యి మూసి నా వైపు తిరిగింది. బస్సు దిగాక అది నాతో మాట్లాడ్డం అదే మొదలు.

"అమ్మా, డీజిల్ ట్యాంకరు నడిపే పని ఒక్కటే ఉందట. అది నడపడం కష్టమా?"

దండు ఏ దారిన పోయినా శత్రువు ముందు వెతికేది ఆ ట్యాంకరునేనని వెర్న్ ఎన్నిసార్లు చెప్పాడో. కష్టం అనొచ్చు. నీ ఎత్తుకి అందదు, నీ వల్ల కాదు అనొచ్చు. పద్నాలుగేళ్ళుగా మంచులో బస్సు తోలుతున్నదాన్ని, నా మాటకి ఎదురులేదు. నమ్మేది కూడా. ఇంత జరిగాక కూడా నన్నే అడుగుతోంది చూడండి, ఆ మొహంలో అనుమానమన్నది లేదు.

"కష్టమేం కాదు" అన్నాను. "లోపల బరువు ఊగుతుంది, అంతే. మలుపు రాకముందే నెమ్మది చెయ్యాలి, మలుపులో బ్రేకు తొక్కకూడదు. నీకు వస్తుంది."

తల ఊపింది. ఫోను చెవికి పెట్టుకుంది.

"అయితే అదే రాసుకోండి" అంది.